అడవికి ఎరువు వేసిందెవరు?

వాన నీటితో దిగిపోయే పోషకాలు - చేను సారం నిలబెట్టుకునే మార్గాలు

పాడేరు ఏజెన్సీలో ఒక కొండ వాలు. ఎగువన అడవి, దిగువన చోడి చేను. రెండింటికీ నడుమ బండి బాటంత ఎడం కూడా లేదు. పడే వాన ఒకటే, మట్టి ఒకటే. ఎగువన చెట్టూ చేమా నల్లగా నిగనిగలాడుతున్నాయి. దిగువన చోడి పైరు జానెడు ఎదిగి, అడుగు ఆకులు పసుపు తిరిగి, అక్కడితో ఆగిపోయింది.

గట్టు మీద కూర్చున్న ముసలి రైతును కదిపితే ఇలా అన్నాడు: "కొట్టి కాల్చిన మొదటేడు ఇరగ పండింది బాబూ. రెండో ఏడు సగానికి సగం. మూడో ఏడు ఇత్తనం గింజలు కూడా తిరిగి రాలేదు. ఆ అడివికి ఎవుడు గెత్తం ఏసేడు? నా సేనికి ఎవుడు దిష్టి ఎట్టేడు?"

దిష్టి ఎవరూ పెట్టలేదు. ఆ చేనులో సారం వాన నీటితో కలిసి వేరుకు అందనంత కిందికి దిగిపోయింది. దీనినే శాస్త్రవేత్తలు 'నిక్షాళనం' అంటారు. కాఫీ పొడి మీద వేడినీళ్లు పోస్తే డికాక్షన్ కిందికి దిగి, పైన పిప్పి మిగులుతుంది చూడండి, అచ్చం అలాంటిదే.

ఇది కొండ రైతుకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. మైదానంలో ఎర్రనేలల్లో, దువ్వనేలల్లో మొక్కజొన్న, చెరకు, కూరగాయలు వేసే రైతుల చేలల్లోనూ ఇదే జరుగుతోంది. అప్పు చేసి కొన్న యూరియాలో కొంత భాగం పైరుకు అందకుండానే పోతోంది. కొండమీద పరిస్థితి ఇంకా ఇబ్బంది. పూర్వం ఒక చెక్క చిక్కిపోతే వదిలేసి, పదీ పన్నెండేళ్లు అడవి పెరగనిచ్చి, మళ్లీ వచ్చేవారు. ఇప్పుడు ఆ వీలు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన రైతుకు ఆ ఎకరమో రెండెకరాలో తప్ప వేరే దిక్కు లేదు. ఉన్న చెక్కలోనే ఏటేటా పండించుకోవాలి. అందుకే అడవి తన సారాన్ని ఎలా దాచుకుంటుందో మనం తెలుసుకోవాలి.

నేల ఒక గాదె లాంటిది

మట్టిలో ఇసుక ఉంటుంది, బంకమన్ను ఉంటుంది, ఆకు అలము కుళ్లి ఏర్పడిన నల్లటి జీవపదార్థం ఉంటుంది. ఇసుక దేనినీ పట్టి ఉంచదు. బంకమన్ను, జీవపదార్థం మాత్రం పోషకాలను పట్టి ఉంచుతాయి. ఎలాగంటే, వీటి రేణువుల మీద రుణ విద్యుత్తు ఉంటుంది. నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం, పొటాష్, అమ్మోనియా రూపంలో ఉన్న నత్రజని ధన విద్యుత్తు గలవి. కాబట్టి అయస్కాంతానికి ఇనప రజను అంటుకున్నట్టు ఇవి మట్టి రేణువులకు అంటుకుంటాయి. వాన పడినా అంత తేలిగ్గా వదలవు. వేరు వచ్చి అడిగినప్పుడు ఇస్తాయి.

నైట్రేటు రూపంలో ఉన్న నత్రజని అలా కాదు. అది కూడా రుణ విద్యుత్తు గలదే. మట్టి రేణువుకు దానికి పొసగదు. నీరు ఎటు పోతే అది అటే పోతుంది. పైరు నత్రజనిని ఎక్కువగా తీసుకునేది ఈ రూపంలోనే, మనం పోగొట్టుకునేదీ ఎక్కువగా ఈ రూపంలోనే.

అన్ని నేలల గాదెలూ ఒకే సైజులో ఉండవు. నల్లరేగడిలోని బంకమన్నుకు పట్టే శక్తి చాలా ఎక్కువ. బాగా వానలు పడే కొండప్రాంతపు ఎర్రనేలల్లోని బంకమన్నుకు అందులో చాలా కొద్ది వంతే ఉంటుంది. జీవపదార్థం మాత్రం ఈ రెండింటినీ మించి పట్టి ఉంచుతుంది. అంటే ఎర్రనేలలో అసలు గాదె పైన ఉన్న ఆ నాలుగంగుళాల నల్లమట్టే. అది పోతే గాదె పోయినట్టే.

ఇంటి దగ్గరే చేసి చూడండి

రెండు ప్లాస్టిక్ సీసాల అడుగులు కోసి తలకిందులు చేయండి. మూతి దగ్గర గుడ్డ పెట్టి, చేను మట్టిని జల్లించి సమంగా నింపండి. నోటి పూతకు రాసే ఊదారంగు మందు (జెన్షన్ వయొలెట్) నాలుగు చుక్కలు గ్లాసుడు నీళ్లలో కలిపి ఒక సీసాలో నెమ్మదిగా పోయండి. జిలేబీలో వేసే రంగును అలాగే నీళ్లలో కలిపి రెండో సీసాలో పోయండి.

ఊదారంగు మందు ధన విద్యుత్తు గలది. మట్టి దానిని పట్టేసుకుంటుంది, కింద తేట నీరు దిగుతుంది. జిలేబీ రంగు రుణ విద్యుత్తు గలది. మొదట కొంచెం తగ్గినట్టు కనిపించినా, రెండోసారి మూడోసారి పోసేసరికి రంగుతోనే కిందికి దిగుతుంది. మొదటిది పొటాష్, అమ్మోనియాల తీరు. రెండోది నైట్రేటు తీరు. పిల్లలకు చూపిస్తే వాళ్లూ మరిచిపోరు.

అడవి వేసే తాళాలు

అడవికి బయటి నుంచి వచ్చే ఎరువు బహు కొద్ది. వానతో, గాలి దుమ్ముతో కొంత వస్తుంది. రాయి మెల్లగా అరిగి కొంత ఇస్తుంది. కొన్ని చెట్ల వేళ్ల మీది బుడిపెలు గాలిలోని నత్రజనిని కొంత పట్టి ఇస్తాయి. అయినా అడవి పచ్చగా ఉంటోందంటే రాబడి ఎక్కువై కాదు, ఖర్చు లేక. ఉన్నదానినే మళ్లీ మళ్లీ తిప్పుకుంటుంది.

మొదటి తాళం చెట్టు దగ్గరే ఉంది. ఆకు రాల్చే ముందు చెట్టు అందులోని నత్రజనిలో, భాస్వరంలో సుమారు సగం కొమ్మలోకి వెనక్కు లాక్కుంటుంది. మిగిలిన సగంతోనే ఆకు రాలుతుంది.

రెండోది నేలమీది ఆకు పరుపు. వాన చినుకు దెబ్బ మట్టికి తగలనివ్వదు. నీటిని నిదానంగా లోపలికి పంపుతుంది. తాను ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా కుళ్లుతూ, కొద్దికొద్దిగా సారం వదులుతుంది.

మూడోది పై పొరలో అల్లుకున్న పీచు వేళ్లు, వాటితో కలిసి బతికే శిలీంధ్రాలు. ఆకు వదిలిన సారాన్ని ఇవి అక్కడికక్కడే పట్టేస్తాయి. వెనిజులా దేశంలోని అమెజాన్ అడవిలో శాస్త్రవేత్తలు ఈ వేళ్ల పరుపు మీద గుర్తుపట్టడానికి వీలైన కాల్షియం, భాస్వరం చల్లి చూశారు. 1978లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం, పరుపును దాటి కిందికి దిగింది వెయ్యింట ఒక వంతు మాత్రమే.

నాలుగోది లోతు వేరు. పై వేళ్ల చేతిలోంచి జారిన కాల్షియం, పొటాష్‌లను కింద నుంచి తోడి ఆకులకు చేరుస్తుంది. ఆ ఆకు మళ్లీ నేలమీదే రాలుతుంది. మన మోటబావి కూడా చేసేది ఇదే పని కదా.

చెట్టు కొడితే ఏం జరిగింది?

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో హబ్బర్డ్ బ్రూక్ అనే ప్రయోగ అడవి ఉంది. అక్కడ బోర్మన్, లైకెన్స్ అనే శాస్త్రవేత్తలు, వారి సహచరులు 1965 చివర్లో ఒక చిన్న వాగు పరీవాహకంలోని చెట్లన్నీ కొట్టించారు. విస్తీర్ణం 15.6 హెక్టార్లు, అంటే మన లెక్కలో 38 ఎకరాలకు పైచిలుకు. ఒక్క దుంగ కూడా బయటకు తీసుకుపోలేదు. కొట్టినవి కొట్టినట్టే అక్కడే వదిలేశారు. మూడు వేసవుల పాటు కలుపు మందు కొట్టి మొలక కూడా లేవనివ్వలేదు. వాగులో దిగివచ్చే నీటిని క్రమంగా పరీక్షించారు.

కొట్టని అడవితో పోల్చి చూస్తే వాగు నీటిలో నైట్రేటు మొదటి ఏడాది 41 రెట్లు, రెండో ఏడాది 56 రెట్లు ఉంది. కాల్షియం, మెగ్నీషియం నాలుగు రెట్లకు మించి, పొటాష్ 15 రెట్లకు మించి పెరిగాయి. నీటిని తాగే చెట్లు లేకపోవడంతో వాగులో పారే నీరు కూడా మొదటి ఏడాది 39 శాతం పెరిగింది.

ఇందులో రైతు గమనించాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆకూ కలపా ఏదీ తీసుకుపోకపోయినా సారం పోయింది. ఎందుకంటే నేలలో సూక్ష్మజీవులు జీవపదార్థాన్ని కుళ్లబెట్టి నైట్రేటు చేస్తూనే ఉన్నాయి, దాన్ని అందుకునే వేరు మాత్రం లేదు. రెండు, కలుపు మందు ఆపి మళ్లీ మొలకలు రానిచ్చాక కొన్నేళ్లలోనే ఆ నష్టం బాగా తగ్గిపోయింది. అంటే సారాన్ని కాపాడేది బతికి ఉన్న వేరు. నేల ఖాళీగా ఉంటే నష్టం, పచ్చగా ఉంటే లాభం.

అది చలి దేశం, మనది వాన దెబ్బ ఎక్కువ ఉన్న దేశం. నేలలు కూడా వేరు. అయినా నైట్రేటు నడిచే దారి అక్కడా ఇక్కడా ఒకటే.

పోడు చేను మూడేళ్ల కథ

ఇక ముసలాయన ప్రశ్నకు వద్దాం. అడవి కాల్చినప్పుడు నత్రజని, గంధకం చాలావరకు పొగలో కలిసిపోతాయి. బూడిదలో పొటాష్, కాల్షియం, మెగ్నీషియం, భాస్వరం మిగులుతాయి. బూడిద కారం గుణం నేల పులుపును విరుస్తుంది. అందుకే మొదటేడు పంట విరగ పండుతుంది.

కానీ బూడిదలోని పొటాష్ నీటిలో ఇట్టే కరుగుతుంది. తొలి వానలకే చాలా భాగం వాలు వెంట కొట్టుకుపోతుంది, మరికొంత కిందికి దిగుతుంది. నీడ పోయి ఎండ తగలడంతో నల్లమట్టి గబగబా కుళ్లి నైట్రేటుగా మారుతుంది. చిన్న పైరు దానిని పూర్తిగా అందుకోలేదు.

నైట్రేటు ఒంటరిగా కూడా పోదు. రుణ విద్యుత్తు గల నైట్రేటు దిగేటప్పుడు తనతో సమానంగా ధన విద్యుత్తు గల కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని, పొటాష్‌ను తోడు తీసుకుపోతుంది. వాటి ఖాళీ జాగాలో ఆమ్లం చేరుతుంది. నేల పులుస్తుంది. ఉదజని సూచిక 5.5 కన్నా తగ్గితే మట్టిలోని అల్యూమినియం కరిగి బయటపడి వేరు కొసలను మాడుస్తుంది. వేరు పొట్టిదైపోతే ఎరువు వేసినా అందుకోలేదు. భాస్వరం సంగతి వేరు. ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియం దానిని గట్టిగా బిగించేస్తాయి. అది కిందికి దిగదు కానీ, పైమట్టి కోసుకుపోతే మట్టితో పాటే పోతుంది.

ఇలా మూడో ఏటికి గాదె చిన్నదవుతుంది, సరుకు తరిగిపోతుంది, నేల పులిసిపోతుంది. మూడూ ఒకేసారి కలిసి వస్తాయి.

యూరియా బస్తా లెక్క

మైదానం రైతు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే సుమారు 20.7 కిలోలు. ఎకరం నేలమీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే సుమారు 4 వేల లీటర్ల నీరు. సీజన్‌లో పైరు తాగగా మిగిలి 100 మిల్లీమీటర్ల నీరు వేరు కిందికి దిగిందనుకుందాం. అది 4 లక్షల లీటర్లు. అందులో లీటరుకు 20 మిల్లీగ్రాముల నైట్రేటు నత్రజని ఉందనుకుంటే పోయింది 8 కిలోలు. యూరియా లెక్కన పదిహేడున్నర కిలోలు. బస్తాలో మూడో వంతుకు పైనే! ఇది లెక్క కోసం అనుకున్న అంకె. మీ చేనులో నేలను బట్టి, వానను బట్టి ఎక్కువా కావచ్చు, తక్కువా కావచ్చు.

యూరియాకు మొదట ఏ విద్యుత్తూ ఉండదు. చల్లిన రోజో మర్నాడో పెద్ద వాన పడితే యూరియాగానే నీటితో పోతుంది. నేలలో తేమ ఉండి, మూడు నాలుగు రోజులు వాన ఆగితే అమ్మోనియా రూపంలోకి మారి మట్టిని పట్టుకుంటుంది. ఆ తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మారుస్తాయి. అప్పటికి పైరు వేరు అక్కడ ఉండాలి. లేకపోతే ఇసుక నేలలో అంగుళం నీరు నైట్రేటును దాదాపు అడుగు లోతుకు నెట్టేస్తుంది. బరువు నేలలో అందులో సగం లోతుకు. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేశారు. ఆ పూత నైట్రేటుగా మారడాన్ని కొంత ఆలస్యం చేస్తుందే గానీ పూర్తిగా ఆపదు.

ఇలా దిగినది ఎక్కడికి పోతుంది? బావిలోకి, బోరులోకి. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశంలో పెట్టిన పరిమితి. మించితే ఆరు నెలల లోపు పసిబిడ్డలకు ప్రమాదం. డబ్బు పోవడంతో పాటు ఇది రెండో నష్టం.

మనం వేసుకోవాల్సిన తాళాలు

అడవి చేసే పనిని చేనులో ఉన్నదున్నట్టు చేయలేం. పంట కోసి ఇంటికి తెచ్చుకుంటాం కాబట్టి తీసుకున్నది తిరిగి ఇవ్వాల్సిందే. అయితే వృథా పోయేదాన్ని తగ్గించుకోవడం మన చేతిలో ఉంది.

1. తొలకరికి ముందే నేలను పచ్చగా చేయండి. వేసవి ఎండకు బీటలు వారిన నేల మీద తొలి జల్లు పడగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి నైట్రేటు తయారుచేస్తాయి. ఆ సమయంలో చేను ఖాళీగా ఉంటుంది. ఏడాదిలో ఉచితంగా దొరికే ఎరువు అలా పోతోంది. వేసవి జల్లులకే మెట్టలో జనుము, పల్లంలో జీలుగ చల్లితే ఆ నైట్రేటును పట్టుకుంటాయి. పూత దశలో కలియదున్నితే తిరిగి ఇస్తాయి. నీటి వసతి లేనిచోట పెసర, అలసంద చల్లినా కొంత మేలే.

2. యూరియాను ఒకేసారి కుమ్మరించవద్దు. రెండు మూడు దఫాలుగా, పైరు అడిగే దశల్లో వేయండి. మబ్బు పట్టి పెద్ద వాన వచ్చేలా ఉంటే ఆ రోజు ఆగండి. మెట్ట పైరులో మొక్కకు పక్కన వేసి మట్టి కప్పండి. వరిలో పైపాటుగా వేసేటప్పుడు 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి గానీ, 250 కిలోల తేమ మట్టి గానీ కలిపి రెండు రోజులు నిల్వ ఉంచి, నీరు తీసి బురద పదునులో చల్లండి. మడి నుంచి మడికి నీరు పారించే అలవాటు ఉన్నచోట యూరియా వేశాక రెండు రోజులైనా మడవ కట్టేయాలి. లేకపోతే మీ ఎరువు కింది రైతుకు పోతుంది.

3. తేలిక నేలల్లో పొటాష్‌ను కూడా విడదీయండి. వరికి సగం దమ్ములో, మిగతా సగం అంకురం ఏర్పడే దశలో వేస్తే కిందికి దిగిపోయేది తగ్గుతుంది. ఇంటి బూడిదను వాన పడే కుప్పలో వదిలేయకండి. తడిస్తే అందులో పొటాష్ పోయినట్టే. పొడిగా దాచి దుక్కిలో వేయండి.

4. గాదెను పెంచండి. ఎకరాకు ఏటా నాలుగైదు టన్నుల చివికిన గెత్తం వేయగలిగితే మంచిది. అంత లేనివారు గట్ల మీద గ్లైరిసిడియా నాటి రొట్ట వేసుకోవచ్చు. మోళ్లు, ఆకులు తగలబెట్టవద్దు. చెరువు మట్టి దొరికేచోట ఎర్రనేలకు తోలించండి, అందులోని బంకమన్ను ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అడవిలోని ఆకు పరుపును మాత్రం ఊడ్చి తెచ్చుకోవద్దు. అది అడవి గాదె. ఊడిస్తే కొండ చిక్కిపోతుంది, వాగు తొందరగా ఎండుతుంది.

5. లోతు వేరును తోడు పెట్టండి. చోడిలో కంది సాళ్లు వేయడం మన పెద్దలకు తెలిసిన పద్ధతే. చోడి పై పొరలో తింటుంది, కంది లోతు నుంచి తోడి ఆకు రాలుస్తుంది. చోడి కోత అయ్యాక కూడా కంది నిలబడి ఉంటుంది కాబట్టి నేల ఖాళీ కాదు.

6. వాలు చేలల్లో దుక్కి, సాళ్లు వాలుకు అడ్డంగానే ఉండాలి. నడుమ నడుమ నిమ్మగడ్డి గానీ అనాస గానీ వరుసలుగా పెడితే పైమట్టి ఆగుతుంది. బాగా వాలుగా ఉన్న చెక్కలో ఏటేటా దున్నే పంట కన్నా జీడిమామిడి వంటి తోట మేలు. అరకు, పాడేరు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియం తీగ పాకించిన తోటలు చూడండి. ఆకు పరుపు ఉంది, పై వేరు ఉంది, లోతు వేరు ఉంది. అడవి తాళాల్లో చాలావరకు అక్కడ ఉన్నాయి.

7. నేల పులిసిందేమో పరీక్ష చేయించండి. చేనులో పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి, కలిపి, అరకిలో పంపండి. గట్ల దగ్గర, చెట్ల కింద, గెత్తం కుప్పలు ఉన్నచోట తీయకండి. చీటీలో ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం అంకెలు రెండూ చూసుకోండి. కర్బనం 0.5 శాతం లోపు ఉంటే మీ గాదె చిన్నదని అర్థం. సూచిక 5.5 లోపు ఉంటే పరీక్షలో చెప్పిన మోతాదులో సున్నం గానీ డోలమైట్ గానీ విత్తడానికి రెండు మూడు వారాల ముందు వేసి కలియదున్నండి. డోలమైట్‌లో మెగ్నీషియం కూడా ఉంటుంది. సున్నాన్ని యూరియాతో గానీ డి.ఎ.పి.తో గానీ కలిపి వేయవద్దు, నత్రజని ఆవిరైపోతుంది.

ఇవన్నీ ఒకే ఏడాది చేయమని చెప్పడం లేదు. చేతిలో పైసా లేని రైతు మొదటి అంశంతో మొదలుపెట్టవచ్చు. గుప్పెడు జనుము గింజలకు, ఒక దుక్కికి అయ్యే ఖర్చే అది. సారం ఒక్క ఏడాదిలో పోలేదు, ఒక్క ఏడాదిలో తిరిగి రాదు. కానీ పోవడం మాత్రం ఈ ఏడాదే ఆపుకోవచ్చు.

ముసలాయనకు ఇదంతా చెప్పి ముగించేసరికి పొద్దు వాలింది. కాసేపు ఆలోచించి, "అయితే అడివికి ఎవుడూ ఎయ్యలేదన్నమాట. అది పారబోసుకోలేదు, అంతే" అన్నాడు. అంతే!